కారెంపూడి వీరుల రాళ్లు

పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరుల పేర నిలిపి, నేటికీ పూజలందుకుంటున్న శిలలు. పల్నాడు జిల్లా (2022కు ముందు గుంటూరు జిల్లా) కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున ఉన్న వీరుల గుడిలో వీటిని చూడవచ్చు. సవతి అన్నదమ్ములు, వియ్యంకులు, మామా అల్లుళ్లు రెండు పక్షాలై కొట్టుకున్న పోరు గుర్తులు కనుక, తెలుగు నేల మీద అంతర్యుద్ధ స్మారకాలు అనదగ్గవాటిలో మొదట చెప్పవలసినవి ఇవే.

గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవరాజుకూ, వారి వెనక మంత్రులు నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ నడిచిన వైరం, కోడిపందెం, అందులో ఓడిన మలిదేవుడి పక్షపు ఏడేళ్ల వలస పాఠకులకు తెలిసినవే. యుద్ధ కాలంపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. 1176-82 మధ్య అని కొందరు, 1178 అని కొందరు, 1182 అని మరికొందరు రాశారు. పోరు తర్వాత, తీరాంధ్రను ఏలిన వెలనాటి చోడుల బలం సన్నగిల్లడం, 1185 నాటి త్రిపురాంతక శాసనంలో కాకతీయ రుద్రదేవుడు కృష్ణకు దక్షిణాన కనిపించడం చూస్తే, 1180 తర్వాతి తొలి ఏళ్లు అనుకోవడమే సబబు. రుద్రదేవుడు నలగాముడి పక్షానికి సైన్యం పంపాడన్నది చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకున్న మాట.

సంప్రదాయం చెప్పే వీరనాయకుల సంఖ్య అరవై ఆరు. తెలంగాణ, రాయలసీమ పల్లెల పొలిమేరల్లో కనిపించే వీరగల్లుల (వీరుల స్మారక శిలల) తీరు వేరు. అక్కడ సాధారణంగా ఒకే పలక మీద కింద పోరు, నడుమ వీరుణ్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం, సూర్యచంద్రులు చెక్కి ఉంటాయి. చదవడం వచ్చినవాడికి రాయే కథ చెబుతుంది. కారెంపూడిలో వీరులను లింగాలుగా కొలుస్తారు. ఏ రాయి ఎవరిదన్నది చెక్కడం కంటే వీరాచారవంతుల నోటి పరంపరలోనే ఎక్కువగా నిలిచింది. అందువల్ల ఈ రాళ్లన్నీ యుద్ధం ముగిసిన వెంటనే నిలిపినవని గట్టిగా చెప్పడం సాహసమే. స్మరణ పాతది, రాళ్లలో కొన్ని తర్వాతి తరాలవి అయినా కావచ్చు.

ఈ వీరుల జాబితాలో అన్నిటికన్నా విలువైనది అందులోని మనుషుల కూర్పు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసిన మాల కన్నమదాసు ఇందులో సేనానాయకుడు. బ్రహ్మనాయుడు, ఐతమ్మల కొడుకు బాలచంద్రుడి వెంట ‘తమ్ములు’గా నడిచినవారిలో బ్రాహ్మణుడు అనపోతు ఉన్నాడు, కుమ్మరి, చాకలి, మంగలి కులాల యువకులూ ఉన్నారు. పేర్ల వరస కథనాన్ని బట్టి మారుతుంది. అనపోతుది ప్రత్యేకమైన కథ. బ్రాహ్మణుణ్ని చావుకు తీసుకుపోవడం ఇష్టం లేక బాలచంద్రుడు మరిచిన వస్తువు తెమ్మనే నెపంతో అతన్ని వెనక్కి పంపుతాడు. సంగతి తెలిసి అనపోతు తనను తానే పొడుచుకుంటాడు. రణంలో పడకపోయినా అతను వీరుడే. మలిదేవుడి పక్షాన సంధి మాటలకు వెళ్లి, చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైన అలరాజు విషయంలోనూ అంతే. ఇక్కడ వీరత్వానికి కొలత పక్షాన్ని విడవకపోవడం. ఆరాధనలో ప్రధానంగా నిలిచింది మలిదేవుడి పక్షమేనన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పల్నాడుకు ఇటువంటి స్మారకాలు కొత్త కాదు. ఇక్ష్వాకుల కాలంలో, క్రీ.శ. 3-4 శతాబ్దాల్లో, నాగార్జునకొండ లోయలో ఛాయాస్తంభాలు నిలిపారు. రాణులకే కాక సేనానులకు, సైనికులకు, చేతిపనివారికీ అవి ఉన్నాయి. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన ఆ స్తంభాలపై ప్రాకృత లేఖనాలున్నాయి. వాటికీ కారెంపూడి ఆచారానికీ నేరుగా వారసత్వం కలపడానికి నడుమ ఎనిమిది వందల ఏళ్లు అడ్డం.

అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో పోరు జరిగిన గెటిస్‌బర్గ్‌తో పోలిక కొంతవరకే నడుస్తుంది. 1879లో రెండో మసాచుసెట్స్ పదాతి దళం తన గుర్తు నిలిపాక, మిగతా రెజిమెంట్లూ ఎక్కడ నిలిచి పోరాడాయో అక్కడే రాళ్లు పాతుకున్నాయి. దళం కుడి అంచు, ఎడమ అంచు ఎక్కడివరకో చెప్పే చిన్న రాళ్లు సైతం ఉన్నాయి. అక్కడ రాయి దళానిది, చోటుది. కారెంపూడి రాయి మనిషిది. అది రణరంగపు పటం కాదు. దాన్ని బట్టి ఏ సేన ఎటు నిలిచిందో తేల్చబోవడం వృథా.

రాళ్లకు ఊపిరి పోసేది ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. వీరుల ఆయుధాలైన కొణతాలను ఊళ్ల నుంచి తెచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, గుడికి చేరుస్తారు. కులభేదం లేకుండా ఒకే చాప మీద తినే చాపకూడునూ ఆచరిస్తారు. వీరవిద్యావంతులు కథాగానం చేస్తారు.

లిఖిత ఆధారాల్లో శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ ముఖ్యం. అది శ్రీనాథుడిదేనా అన్న వివాదం ఉంది. ఆయనదే అనుకున్నా యుద్ధానికి రెండు శతాబ్దాల తర్వాతి మాట. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని ప్రకటించారు. గాయకుల నోటి కథను రికార్డు చేసి, జీన్ రోగేర్ 1982లో ఇంగ్లీషు గ్రంథంగా తెచ్చారు. రాళ్లను అర్థం చేసుకోవడానికి ద్విపద కన్నా ఈ మౌఖిక పాఠమే దగ్గరి దారి, ఎందుకంటే దాన్ని పాడేవారే ఆ రాళ్లను కొలిచేవారు. పాడేవారు తగ్గిపోకముందే ప్రతి రాయినీ దాని పేరుతో, కథతో సహా నమోదు చేయడం పురావస్తు శాఖ, విశ్వవిద్యాలయాలు పూనుకోవలసిన పని.