మాట వచ్చింది, పాట రాలేదు

కంప్యూటర్ పాడటం కొత్త సంగతేమీ కాదు. 1961లోనే బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, కరోల్ లాక్‌బామ్ యంత్రం చేత ‘డైసీ బెల్’ పాడించారు. వాద్య సహకారం మాక్స్ మాథ్యూస్ సమకూర్చారు. 2004లో యమహా వారి పాడే సాఫ్ట్‌వేర్ వోకలాయిడ్ ఆ విద్యను ఇంటి కంప్యూటర్లకు తెచ్చింది. పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే ఎంఐటీ స్క్రాచ్ 2007లో వెలువడింది; నటి సాకి ఫుజితా గొంతుతో వోకలాయిడ్ గాయని హాట్సునే మికు వచ్చిందీ ఆ ఏడాదే. అయినా ఆ రెండు దారులూ కలవలేదు. 2019లో స్క్రాచ్ 3.0కి మాట్లాడే గొంతులు చేరాయి. వాటిలో రెండింటి పేర్లు ఆల్టో, టెనార్. గాయకుల గొంతు శ్రేణుల పేర్లు పెట్టుకున్న ఆ గొంతులకు ఒక్కో అక్షరానికీ స్వరం, నిడివి ఇచ్చే బ్లాకులు మాత్రం పెట్టలేదు.

యంత్రమే పాడేస్తే పిల్లలు సంగీతం నేర్చుకోరన్న వాదన ఉంది. అది నిలవదు. పాడించాలంటే ప్రతి అక్షరం స్థాయినీ, కాలాన్నీ పిల్లలే చెప్పాలి. అందుకు వినాలి, విడగొట్టాలి, సరిదిద్దాలి. ప్రోగ్రామింగ్‌లో తొలి పాఠమూ అదే కదా! ఆ గొంతు ఎవరిదన్న ప్రశ్న ఇంతకంటే బరువైనది. ఫుజితా తెలిసే తన గొంతు రికార్డు చేసిచ్చారు. పిల్లల వేదిక మీదా గాయకుల అనుమతి లేని గొంతు ఒక్కటీ ఉండకూడదు. ఆ షరతుతో స్క్రాచ్‌లో పాడే బ్లాకులు చేర్చి తీరాలి.