పచ్చదనము లేని మొక్క

మొక్క యనగానే పచ్చని ఆకు స్ఫురించును. ఆకునందలి పత్రహరితము సూర్యకాంతిని గ్రహించి, గాలినుండియు నీటినుండియు ఆహారమును సిద్ధపరచును. ఆ పచ్చదనమే లేని మొక్క ఎట్లు బ్రతుకును? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఐరోపాలో నూరేండ్లకు పైగా పట్టినది.

ఆ మొక్క పేరు మోనోట్రోపా హైపోపిటిస్. పైన్, బీచ్ వృక్షముల చిక్కని నీడలో, రాలిన ఆకులను త్రోసికొని, లేత పసుపువన్నె కాడ యొకటి తలవంచుకొని పైకి వచ్చును. ఆకులకు మారుగా దానికి పొలుసులే యుండును. అది బదనికవలె చెట్ల రసమును పీల్చుచున్నదని కొందరు, కుళ్లిన ఆకులే దాని ఆహారమని కొందరు వాదించిరి. 1840 ప్రాంతమున ఇంగ్లండులో ఈ వాదము పత్రికల కెక్కెను. దాని వేళ్లను చుట్టియున్న నూలుపోగులవంటి పదార్థమును వారు చూచిరి. అది శిలీంధ్రమని, అనగా బూజు, పుట్టగొడుగుల జాతికి చెందినదని 1842 నాటికి గుర్తించిరి. కాని మొక్క జీవనమునకు దానితో పనిలేదని త్రోసిపుచ్చిరి.

1881లో పోలిష్ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిషెక్ కమియెన్‌స్కి ఆ వేళ్లను శ్రద్ధగా పరీక్షించెను. చెట్లవేళ్లతో వానికి నేరుగా సంబంధమే కానరాలేదు. వేరంతయు శిలీంధ్రపు తొడుగులో నుండెను. కావున మొక్కకు మన్నునుండి అందునదంతయు శిలీంధ్రము ద్వారానే అందవలెనని ఆయన తేల్చెను.

నాలుగేండ్లకు, 1885లో, బెర్లినునందలి ఆల్బర్ట్ ఫ్రాంక్ ఓక్, బీచ్, హేజెల్ చెట్ల వేళ్లకును ఇట్టి తొడుగే కలదని ప్రకటించెను. ట్రఫుల్ అను విలువైన భూగర్భ శిలీంధ్రమును పండించు మార్గము వెదకుమని ప్రష్యా ప్రభుత్వము కోరగా ఆయన ఈ పరిశోధనకు పూనుకొనెను. ఇది వ్యాధి కాదు, పొత్తు అని చెప్పి ‘మైకోరైజా’ అను పేరు పెట్టెను. శిలీంధ్రమూలమని దాని యర్థము. పేరు పెట్టినవాని కీర్తి నిలిచెను. ముందుగా గ్రహించినవాడు చాలకాలము మరుగునబడెను.

1960లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఎరిక్ బ్యోర్క్‌మన్ తన ప్రయోగఫలములను ప్రచురించెను. రేడియోధార్మిక కర్బనము గల చక్కెరను చెట్లలోని కెక్కింపగా, ఆ కర్బనము ప్రక్కనున్న మోనోట్రోపాలో కనబడెను. చుట్టును లోహపు రేకులు దింపి చెట్లవేళ్లనుండి వేరుచేసిన మొక్కలు సరిగా ఎదుగలేదు.

చెట్టు వండును, శిలీంధ్రము మోయును, మొక్క భుజించును. మొక్క తిరిగి యిచ్చున దేమో నిశ్చయముగా తేలలేదు. కనుక దీనిని పొత్తు అనుటకన్న తీరని అప్పు అనుటయే న్యాయము.

1842లో చూచినవారి చూపునందు లోపము లేదు. చూచినదానిని పనికిరానిదని తలచుటవలననే నలువది యేండ్ల ఆలస్యము కలిగినది.