ముందు ఇంటికి ఎవరు పోవాలి? సైనికులనే అడిగారు

అన్నలూ, తమ్ముళ్లూ, లీవ్ లిస్ట్ పెట్టిన రోజు క్యాంపులో ఎట్లుంటదో మీకు తెలుసు. జీతం లేటయినా ఊరుకున్నవాడు కూడా లిస్ట్‌లో తన పేరు వెనక్కి పోతే ఆ రోజు అన్నం తినడు. ఒకప్పుడు అమెరికా సైన్యానికి ఇదే గొడవ లక్షల మందితో వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో శామ్యూల్ స్టౌఫర్ అనే ప్రొఫెసర్‌ని పెట్టి సైనికుల మనసులో ఏముందో లెక్క కట్టించారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడే, 1941 డిసెంబర్ 8న, మొదటి సర్వే. మొత్తం మీద 5 లక్షల మందికి పైగా అడిగారు. కాగితం మీద పేరు రాయక్కర్లేదు. గదిలో ఆఫీసర్ ఉండడు. చదువు రానివాళ్లని కూర్చోబెట్టి నోటితో అడిగారు. మా దగ్గర ఒకసారి ఫారాలు పంచారు. పైన పేరు, ఐడీ నంబరు. వసూలు చేసేది సూపర్‌వైజర్, అంటే నేనే. అందరూ 'చాలా బాగుంది' మీదే టిక్ కొట్టారు. కొట్టరా మరి!

స్టౌఫర్ లెక్కల్లో ఒక విచిత్రం బయటపడింది. విమానదళంలో ప్రమోషన్లు జోరుగా వచ్చేవి, మిలిటరీ పోలీసులో చాలా తక్కువ. అయినా ప్రమోషన్ల మీద ఎక్కువ అసంతృప్తి విమానదళం వాళ్లకే. పక్కవాడికొచ్చింది, నాకెందుకు రాలేదన్న మంట. పోలీసుల్లో పక్కవాడికీ రాలేదు, అందుకే అంత బాధ లేదు. నా గ్యాంగుల్లో కూడా ఓటీ ఎవరికీ లేని రోజు గొడవ ఉండదు, సగం మందికి ఇచ్చిన రోజే ఉంటది.

యుద్ధం ముగియకముందే ఇంకో ప్రశ్న అడిగారు: ముందు ఎవరిని ఇంటికి పంపాలి? ఎక్కువ కాలం బయటి దేశంలో ఉన్నోళ్లని, యుద్ధంలో దిగినోళ్లని, పిల్లలున్నోళ్లని అన్నారు. దాని మీదే 1945 మేలో పాయింట్లు పెట్టారు. సర్వీసులో నెలకి 1, విదేశంలో ఉంటే నెలకి ఇంకో 1, ఒక్కో పతకానికో, పాల్గొన్న పోరాటానికో 5, ఒక్కో బిడ్డకి 12, ముగ్గురి వరకే. 85 వస్తే ఇంటికి. 30 నెలల సర్వీసు, అందులో 18 విదేశంలో, ఒక బిడ్డ, రెండు పోరాటాలు ఉన్నవాడికి 70. ఆగాలి. కానీ ఎందుకు ఆగాలో వాడే లెక్క వేసుకోగలడు.

1946 జనవరిలో పంపడం నెమ్మదిస్తుందని ప్రకటించగానే మనీలాలో వేల మంది సైనికులు రోడ్డెక్కారు.

మా ఎండాకాలం లిస్ట్ వచ్చే నెల. రెండేళ్లు దాటినవాడు ముందా, ఇంట్లో పెళ్లి ఉన్నవాడు ముందా? శుక్రవారం మా గ్యాంగులో చీటీల మీద అడుగుతున్నా, పేర్లు లేకుండా. మీ క్యాంపుల్లో ఎట్లా చేస్తారో రాయండి.