గెలిచినా ఓడినా జీతం

'మైదాన్' సినిమా వచ్చాక సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు మన తరానికి కాస్త తెలిసింది. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో దేశానికి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన కోచ్. సినిమాలో ఆట ఉంది, జబ్బు ఉంది, దేశభక్తి ఉంది. చూశాక నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది: ఈ ఆటగాళ్ళకి ఇల్లెట్లా గడిచేది?

జవాబు రహీమ్ జట్టు పేరులోనే ఉంది. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా ఆయన తీర్చిదిద్దింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని. ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ వాళ్ళదే. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పూ తెచ్చారు. ఇంత చేసినా లెక్క ప్రకారం వాళ్ళు 'అమెచ్యూర్లు'. జీతం నౌకరీకి, ఆట ఊరికే.

ఈ ఏర్పాటు మన ఒక్కరిదే కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. మొదటి మూడు సోవియట్ యూనియన్, యుగోస్లావియా, బల్గేరియా. ఆ దేశాల్లోనూ చాలామంది ఆటగాళ్ళు కాగితం మీద సైనికులో, ఉద్యోగులో. అమెరికా కాలేజీల్లో ఉద్యోగం బదులు స్కాలర్‌షిప్. స్టేడియాలు నిండేవి, కోచ్‌లకి కోట్లు ముట్టేవి, ఆడే పిల్లలకి మాత్రం చదువే జీతం అనేవాళ్ళు. 2021లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనల్లో కొన్నిటిని ఏకగ్రీవంగా తప్పుపట్టింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వడం మొదలైంది.

మన దగ్గర ఆ ముసుగుని ముందే చింపింది కలకత్తా క్లబ్బులు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. 1966లో మహమ్మద్ హబీబ్ కూడా అదే దారి పట్టాడు. ఉద్యోగాలు వద్దనుకుని ఆటనే బతుకుతెరువు చేసుకున్నందుకు హబీబ్‌ని దేశంలో మొదటి నిజమైన ప్రొఫెషనల్ అంటారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది ఆయనే. వాళ్ళు వెళ్ళడం తప్పు కాదు. కానీ ఇక్కడి జట్లు బోసిపోయాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీ మళ్ళీ దశాబ్దాలు గడిచినా ఈ గడప తొక్కలేదు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఈసారి ముసుగు లేదు, అంతా కాంట్రాక్టే. 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, బకాయిల వల్ల కొత్తవాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఎక్కువగా కుర్రాళ్ళతోనే బరిలోకి దిగాల్సొచ్చింది. 2023-24లో 22 మ్యాచులు, ఒక్కటంటే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది.

ఓడిపోయే జట్టుని చూసి నవ్వడం తేలిక. ఆ కుర్రాళ్ళ పరిస్థితి చూస్తే నవ్వు రాదు. పోలీసు జట్టు కాలాన్ని నేను స్వర్ణయుగమని అనను. ఆటగాడి విలువకి, కానిస్టేబుల్ జీతానికి పొంతన ఉండేది కాదు. కానీ ఆ జీతానికి స్కోరుతో పనిలేదు. మ్యాచ్ ఓడినా ఒకటో తారీఖు ఒకటో తారీఖే. కాంట్రాక్టు రేటు పెంచింది, ఆ భరోసా మాత్రం ఇవ్వలేదు. ఆటగాళ్ళకి డబ్బివ్వాలా వద్దా అన్న వాదన ఎప్పుడో ముగిసింది. ఓడిన సీజన్‌లో కూడా ఇస్తారా అన్నదే అసలు సంగతి.

మా నెక్కొండ వైపు పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లల్లో చాలామంది కానిస్టేబుల్ సెలక్షన్ల కోసమే పరిగెత్తుతారు. ఆట ఆడతానంటే ఇంట్లో మొదట అడిగేది, "ఆడితే నౌకరి వస్తదా?" అని. ఆట విలువ తెలియక అడుగుతున్నారని మనం అనుకుంటాం. డెబ్భై ఏళ్ళ హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చూస్తే, వాళ్ళు అడగాల్సిందే అడుగుతున్నారు.