ఆకాశంలో పడుతూ ఫోటో తీసేవాళ్ళ కథ: తల మీద కెమెరా, చేతిలో 60 సెకన్లు

దుబాయ్‌లోనో అమెరికాలోనో స్కైడైవింగ్ చేసిన ఫ్రెండ్ వీడియో ఒక్కటైనా మీరు చూసే ఉంటారు. గాలికి బుగ్గలు ఊగిపోతుంటాయి, చేతులు చాపి అరుస్తుంటాడు, వీపుకి ఇన్‌స్ట్రక్టర్ కట్టుకుని ఉంటాడు. మనం లైక్ కొట్టి "సూపర్ మావా" అని కామెంట్ పెడతాం. మరి ఎదురుగా ఉండి ఆ వీడియో తీసింది ఎవరు? ఆయన కూడా పడుతున్నాడు కదా! అదే ఎత్తు నుంచి, అదే స్పీడుతో. ఇవాళ్టి ఎపిసోడ్ ఫ్రేములో కనిపించని ఆ మనిషి గురించి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ కథంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. విమానం సుమారు 13,000 అడుగులు ఎక్కుతుంది. దూకాక మొదటి 1,000 అడుగులు పడటానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఆ తర్వాత గాలి నిరోధం, మన బరువు సమానమైపోయి స్పీడు గంటకు 190 కిలోమీటర్ల దగ్గర నిలబడుతుంది. అక్కడి నుంచి ప్రతి 1,000 అడుగులకు ఐదు, ఆరు సెకన్లే. మొత్తం మీద చేతిలో ఉండేది 50, 60 సెకన్లు. పారాచూట్ తెరవాల్సిన ఎత్తు దాటాక "ఇంకొక్క షాట్" అని 10 సెకన్లు ఆగితే, అర కిలోమీటరుకు పైగా కిందికి వచ్చేసినట్టే. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు 1960కి వెళ్దాం. ఆగస్టు 16న అమెరికా ఎయిర్‌ఫోర్స్ కెప్టెన్ జోసెఫ్ కిట్టింగర్ హీలియం బెలూన్ మీద 1,02,800 అడుగుల ఎత్తుకు, అంటే 31 కిలోమీటర్లు పైకి వెళ్ళి దూకాడు. ఆ ఫోటో చాలా ఫేమస్. కింద మేఘాలు, వాటి మీద చిన్న బొమ్మలా పడిపోతున్న మనిషి. దాన్ని ఎవరూ చేత్తో తీయలేదు. బెలూన్‌కి వేలాడే గొండోలాలో ఆటోమేటిక్ కెమెరా పెట్టారు, అదే తీసింది. అద్భుతమైన ఫోటో, సందేహం లేదు. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కెమెరా పైనే ఉండిపోయింది, మనిషి వెళ్ళిపోయాడు. కొన్ని సెకన్లలోనే అతను చుక్కైపోతాడు. పడేవాడి ముఖం కావాలంటే, తీసేవాడు కూడా పడాలి.

ఆ పనిని ఒక కళ స్థాయికి తీసుకెళ్ళిన వాళ్ళలో ముఖ్యుడు కార్ల్ బోనిష్. ఈయన మన జాతే, ఇంజనీర్! కాలిఫోర్నియాలో హ్యూస్ కంపెనీలో ఉద్యోగం. అది వదిలేసి స్కైడైవింగ్ సినిమాలు తీయడంలో పడ్డాడు. 1969లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 'ది జిప్సీ మాత్స్' అనే సినిమా తీశాడు, బర్ట్ లాంకాస్టర్ హీరో. ఊరూరా తిరిగి పారాచూట్ షోలు చేసే ముగ్గురి కథ. అందులో గాల్లో తీసిన షాట్ల వెనక బోనిష్ ఉన్నాడు. హెల్మెట్‌కి కెమెరా బిగించి దూకేవాడు.

హెల్మెట్‌కే ఎందుకు? చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి. ఫ్రీఫాల్‌లో చేతులు, కాళ్ళే మన స్టీరింగ్. ఒక చెయ్యి లోపలికి ముడిస్తే శరీరం తిరిగిపోతుంది. పారాచూట్ లాగాల్సింది కూడా చేత్తోనే. అందుకని తలే ట్రైపాడ్ అయింది. కన్ను వ్యూఫైండర్‌కి ఆనించే అవకాశం లేదు కాబట్టి ఒక కంటి ముందు చిన్న రింగు గురి అమర్చుకుంటారు. ఆ రింగులో మనిషి కనిపిస్తే ఫ్రేములో ఉన్నట్టు. ఫోటో నొక్కే స్విచ్ నోట్లో ఉంటుంది, పళ్ళతో కొరికితే క్లిక్. ఫిలిం రోజుల్లో రోల్‌కి 36 ఫోటోలు, అయిపోతే మార్చుకోవడానికి గాల్లో ఏముంది?

ఇంకో చిక్కు స్పీడు. అందరూ ఒకే వేగంతో పడరు. బరువైనవాళ్ళు, ఒళ్ళు బాగా విల్లులా వంచినవాళ్ళు కాస్త త్వరగా పడతారు. కెమెరామన్ వాళ్ళతో సమానంగా ఉండాలంటే తన శరీరాన్ని నిమిషం పొడుగునా సరిచేసుకుంటూనే ఉండాలి. అందుకే చాలామంది డ్రెస్సుకి చేతుల దగ్గర నుంచి నడుం దాకా గుడ్డ రెక్కలు కుట్టించుకుంటారు. రెక్కలు చాపితే నెమ్మదిస్తారు, ముడిస్తే వేగం పెరుగుతుంది. అంటే ఆయన ఒకేసారి పైలట్, కెమెరామన్, పైగా స్కైడైవర్. మూడు ఉద్యోగాలు, ఒక్క నిమిషం.

దీనికి ఎంత శ్రమ పడుతుందో తెలియాలంటే 1979లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'మూన్‌రేకర్' చూడండి. మొదట్లోనే బాండ్‌ని పారాచూట్ లేకుండా విమానంలోంచి తోసేస్తారు. అతను గాల్లోనే ఇంకొకడి పారాచూట్ లాక్కుంటాడు. తెర మీద కొద్దిసేపే ఉండే ఆ సీన్ కోసం స్టంట్ టీమ్ 88 సార్లు దూకింది. ఒక్కో జంప్‌కి పనికొచ్చేది కొన్ని సెకన్ల ఫుటేజే. మరి బాండ్‌గా దూకిన స్టంట్‌మ్యాన్‌కి పారాచూట్? ఉంది. కోటు లోపల కనపడకుండా దాచారు. సినిమాలో లేనట్టు చూపించారు, నిజంలో ఉంది.

తొమ్మిదేళ్ళ తర్వాత దీనికి సరిగ్గా ఉల్టా జరిగింది.

1988 ఏప్రిల్ 2, అమెరికాలోని నార్త్ కరోలినా. ఆయన పేరు చెప్పను, ఆయనకీ ఇంటివాళ్ళు ఉంటారు. వయసు 35. అప్పటికే 800కి పైగా జంపులు చేసిన మనిషి. ఆ రోజు పని, ఒక ఇన్‌స్ట్రక్టర్, ఒక స్టూడెంట్ దూకుతుంటే వీడియో తీయడం. సామాన్లు సర్దుకున్నాడు, కెమెరా చూసుకున్నాడు, విమానం ఎక్కాడు, దూకాడు, చక్కగా షూట్ చేశాడు. వాళ్ళ పారాచూట్లు తెరుచుకున్నాయి. తనది తెరుద్దామనుకుంటే వీపు మీద పారాచూట్ లేదు. తగిలించుకోవడమే మర్చిపోయాడు. కెమెరా చివరిదాకా రికార్డ్ చేస్తూనే ఉంది.

800 జంపుల మనిషికి ఇది ఎలా జరుగుతుంది అని మనకి అనిపిస్తుంది. అప్పటి వీడియో సామాను బరువుగా ఉండేది. ఒంటి మీద ఆ బరువు తగులుతుంటే పారాచూట్ ఉన్నట్టే అనిపించి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. నాకైతే ఇందులో భయపెట్టేది వేరే ఉంది. ఆయన నిర్లక్ష్యంగా లేడు. ఆయన శ్రద్ధ మొత్తం ఉంది, కాకపోతే కెమెరా మీద ఉంది. విమానంలో పక్కన ఉన్నవాళ్ళు కూడా గమనించలేదు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. కోడ్‌ని ప్రొడక్షన్‌కి పంపే ముందు చెక్‌లిస్ట్ ఉంటుంది. "వందసార్లు చేసిన పనికి మళ్ళీ చెక్‌లిస్ట్ ఏంట్రా" అని విసుక్కునేవాడు ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు. నిజానికి చెక్‌లిస్ట్ కొత్తవాడి కంటే వందసార్లు చేసినవాడికే ఎక్కువ అవసరం. కొత్తవాడు భయంతో నాలుగుసార్లు చూసుకుంటాడు. అలవాటైనవాడు చూసుకున్నాననుకుంటాడు. స్కైడైవింగ్‌లో నేలమీద ఒకసారి, విమానం ఎక్కే ముందు ఒకసారి, దూకే ముందు ఒకసారి పరికరాలు చూసుకోమని, ఇంకొకరితో చూపించుకోమని చెప్పేది ఇందుకే.

1991లో జర్మనీ నుంచి సైప్రెస్ అనే చిన్న పరికరం వచ్చింది. ఒక ఎత్తు దాటాక కూడా మనిషి వేగంగా పడుతూనే ఉంటే, అదే రిజర్వ్ పారాచూట్‌ని తెరిపిస్తుంది. స్పృహ తప్పినవాళ్ళనీ, ఎత్తు చూసుకోవడం మర్చిపోయినవాళ్ళనీ కాపాడే పరికరం అది. కానీ వీపు మీద పారాచూట్ ఉంటేనే కదా!

ఇప్పుడు మన కాలానికి వద్దాం. పాత సినిమా కెమెరాలు కిలోల్లో బరువుండేవి. పారాచూట్ తెరుచుకున్న కుదుపుకి ఆ బరువంతా మెడ మీద పడేది. అందుకని అనుభవం లేనివాడు ఆ జోలికే వెళ్ళేవాడు కాదు. గోప్రో లాంటి కెమెరాలు వచ్చాక బరువు గ్రాముల్లోకి దిగిపోయింది. అగ్గిపెట్టె సైజు డబ్బా హెల్మెట్‌కి అంటించుకుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ అమెరికా పారాచూట్ అసోసియేషన్ సలహా ఏంటో తెలుసా? కెమెరా పెట్టుకునే ముందు కనీసం 200 జంపులు చేసి ఉండాలి. కెమెరా చిన్నదైనా ఆ నంబర్ చిన్నది కాలేదు.

ఎందుకంటే రెండు ప్రమాదాలు అలాగే ఉన్నాయి. ఒకటి, హెల్మెట్ మీద పొడుచుకొచ్చిన ఏ వస్తువుకైనా పారాచూట్ తాడు చిక్కుకోవచ్చు. అందుకే కెమెరా హెల్మెట్లకి గడ్డం దగ్గర ఒక్క లాగుకి ఊడిపోయే పట్టీ పెడతారు. రెండోది ఇందాకటి 10 సెకన్ల లెక్క. ఫ్రేము బాగా కుదిరింది, వెలుగు బాగుంది, ఎదుటివాడు నవ్వుతున్నాడు. ఆ క్షణంలో చెయ్యి మీదున్న ఆల్టిమీటర్ చూడాలని గుర్తు రావాలి. 200 జంపులు చేసినవాడికి శరీరం దానంతట అదే గుర్తు చేస్తుంది. 20 జంపుల వాడికి ఆ అలవాటు ఇంకా పడలేదు. బరువు మెడ మీద నుంచి దిగింది, బుర్ర మీద మాత్రం అలాగే ఉంది.

మీరెవరైనా టాండెమ్ జంప్‌కి వెళ్తే "నా ఫోన్ నేనే పట్టుకుంటా, నా సెల్ఫీ స్టిక్ నేనే తెచ్చుకుంటా" అని గొడవపడకండి. వాళ్ళు వద్దంటే వీడియో ప్యాకేజీ అమ్ముకోవడానికే అనుకోకండి. ఎదురుగా పడుతూ షూట్ చేసే మనిషి మీ ముఖం ఫ్రేములో ఉంచుతూ, తన ఎత్తు లెక్కపెట్టుకుంటూ, మీ పారాచూట్ తెరుచుకునే దారికి అడ్డం రాకుండా పక్కకి తప్పుకుంటాడు. మీరు డబ్బు కట్టేది ఆ వందల జంపుల అలవాటుకి.

ఈసారి అలాంటి వీడియో మీ ఫీడ్‌లో వస్తే ఒక్క నిమిషం ఆగండి. 190 కిలోమీటర్ల స్పీడులో కూడా ఆ ఫ్రేము ఎంత నిలకడగా ఉందో చూడండి. అది ఒక మనిషి మెడ, ఒక మనిషి ఓపిక. వీలైతే కామెంట్‌లో తీసినవాళ్ళు ఎవరని కూడా అడగండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.