గర్భిణీ రక్తహీనతయు లూసీ విల్స్ పరిశోధనయు

కడుపుతో నున్న స్త్రీ పాలిపోవుట సహజమేనని సరిపెట్టుకొను లోకములో, ఆ పాలిపోవుటకు మూలమేమని పట్టుదలతో అడిగినవారు అరుదు. అట్టివారిలో ఆంగ్ల వైద్యపరిశోధకురాలు లూసీ విల్స్ ముఖ్యురాలు. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రమును, భూగర్భశాస్త్రమును, పిదప లండనులో వైద్యమును అభ్యసించిన ఆమె, 1928లో బొంబాయికి వచ్చి, హాఫ్కిన్ సంస్థలో గర్భిణులను బలిగొనుచుండిన ఒక తీవ్ర రక్తహీనతను పరిశీలింప నారంభించెను. ఎఱ్ఱకణములు సంఖ్యలో తగ్గి, పరిమాణములో పెరుగుట ఆ వ్యాధి లక్షణము. ఏ వర్గపు స్త్రీలు ఏమి భుజించుచున్నారో విచారింపగా, ఆహారము మిక్కిలి కొఱవడిన నిఱుపేద ముస్లిము స్త్రీలలోనే వ్యాధియు అధికమని తేలినది. సూక్ష్మదర్శినిలో కనబడిన రోగమునకు కారణమును వంటయింట వెదకుటయే ఈ పరిశోధనకు ప్రాణము.

ఆ స్త్రీల భోజనమువంటి మేతను ఎలుకలకు పెట్టి ఆమె చేసిన పరీక్షలు అంత నిర్దుష్టములు కావు. ఎలుకల రక్తహీనతకు పేలవలన సంక్రమించు సూక్ష్మజీవియు కారణమై యుండవచ్చునని తరువాత గ్రహింపబడినది. ఐనను కోతులపై జరిపిన పరీక్షలును, అంతకంటె ముఖ్యముగా రోగిణులు కోలుకొనుటయు ఆమె యూహను నిలబెట్టినవి. మార్మైట్ అను చౌకయైన ఈస్ట్ సారము ఈ వ్యాధిని కుదుర్చుచున్నదని 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు ఆమె ప్రకటించెను. అడిసన్ అను వైద్యుడు వర్ణించిన మారక రక్తహీనతను మాన్పు శుద్ధకాలేయసారము ఇచ్చట విఫలము కాగా, శుద్ధి చేయని కాలేయసారమును, ఈస్టును ఫలించుట చూచి, ఇది వేఱొక పోషకపదార్థపు లోపమని ఆమె నిర్ణయించెను. నాటికి పేరులేని ఆ పదార్థము 'విల్స్ కారకము'గా ప్రసిద్ధి కెక్కినది.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి వేఱుచేసిన ద్రవ్యమునకు, ఆకు అను అర్థముగల లాటిను పదమునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి; విల్స్ కారకము ఇదియేనని పిదప తేలినది. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దీనిని కృత్రిమముగా నిర్మించిన బృందమునకు సారథి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి తన సోదరులనిద్దఱను కోల్పోయిన ఆయన చేతిమీదుగా, ఆ వ్యాధికిని, గర్భిణీ రక్తహీనతకును ఉపకరించు ఔషధము లోకమునకు లభించుట తెలుగువారు మఱువరాని విషయము.

1991లో ఏడు దేశములలోని 33 కేంద్రముల పరిశోధన ఈ కథను తల్లినుండి బిడ్డకు పొడిగించినది. మునుపు నాడీనాళలోపముగల (మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళము సరిగా మూసికొనని) శిశువును గర్భమున ధరించిన స్త్రీలు, మరల గర్భము దాల్చుటకు ముందునుండియే దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లము సేవింపగా, ఆ లోపము పునరావృత్తమగుట 72 శాతము తగ్గినది. శిశువు నాడీనాళము గర్భధారణానంతరము సుమారు 28 దినములలోనే మూసికొనును. నెల తప్పినదని నిశ్చయించుకొని స్త్రీ ఆస్పత్రికి వచ్చుసరికి ఆ గడువు తఱచుగా దాటిపోవును. నాలుగవ మాసమున నిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్ర తల్లి రక్తమును కాపాడగలదు గాని, అప్పటికే ఏర్పడిన శిశువు వెన్నును సరిదిద్దజాలదు. కావున ప్రసూతివైద్యము గర్భముతో కాక, గర్భమునకు పూర్వమే, ఆడుబిడ్డ కంచములో ఏమి వడ్డింపబడుచున్నదను విచారణతో ఆరంభము కావలెను. బొంబాయిలో విల్స్ అడిగిన ప్రశ్నయు అదియే.