తానీషా కోట, అమ్మవారి కొండ

1687లో ఒక రాత్రి. గోల్కొండ గోడకు చీకట్లో నిచ్చెనలు వేశారు. నెలల తరబడి కోటను చుట్టుముట్టి కూర్చున్న ఔరంగజేబు సైనికులు చప్పుడు చేయకుండా ఎక్కుతున్నారు. ముందున్నవాళ్లు గోడ పైకి చేరుకున్నారు కూడా. అంతలో అక్కడ తిరుగుతున్న ఓ ఊరకుక్క మొరిగింది. కాపలావాళ్లు లేచారు. నిచ్చెనలు కింద పడ్డాయి. ఆ కుక్క మెడకు గోల్కొండ సుల్తాను తానీషా బంగారు పట్టీ వేయించాడట. రాసింది మొఘలుల పక్షపు చరిత్రకారుడు ఖాఫీ ఖానే కాబట్టి నమ్మబుద్ధేస్తుంది.

ఔరంగజేబు పట్టుదల తక్కువదా? కందకం పూడ్చడానికి మట్టి నింపే గుడ్డసంచుల్లో మొదటిదాన్ని వజూ చేసుకుని తానే కుట్టాడు. గోడ కింద సొరంగాలు తవ్వించి మందు కూరించాడు. లోపలివాళ్లు పసిగట్టి, కొంత మందు తోడేసి, కొన్నిచోట్ల నీళ్లు పోశారు. నిప్పు పెట్టేసరికి రాళ్లు ఎగిరి మొఘలుల మీదే పడ్డాయి. పైగా వానలు, వరదలు, దండులో తిండికి కరువు.

చివరికి డబ్బు పనిచేసింది. సెప్టెంబర్ 21 తెల్లవారకముందే అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లోపలినుంచి ద్వారం తీశాడు. తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ మాత్రం జీను సరిగా బిగించని గుర్రమెక్కి, కొద్దిమందితో ఎదురుపడ్డాడు. ఒళ్లంతా గాయాలతో కుప్పకూలితే, ఔరంగజేబే వైద్యులను పంపి బతికించాడు. తానీషా అంతఃపురాన్ని ఓదార్చి వచ్చి, గద్దె మీద కూర్చున్నాడు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఎదురుగా ఉండగానే భోజనం తెమ్మన్నాడు. ఈ వేళ ముద్ద ఎలా దిగుతుందని వాళ్లు అడిగితే, సుఖమైనా కష్టమైనా ఇచ్చేది దేవుడేనన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడట. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలను అంతకు ముందు ఏడాదే వీధిలో చంపేశారు. తానీషా మిగతా బతుకంతా దౌలతాబాద్ కోటలో ఖైదుగా గడిచింది.

ఆనాటి కొలువులో ఇప్పుడు కప్పులేని గోడలు, గబ్బిలాలు మిగిలాయి. ఫతే దర్వాజా దగ్గర గైడు చప్పట్లు కొట్టి, కొండపై బారాదరి దాకా వినిపిస్తుందని చూపిస్తాడు. చాలామంది ఆ చప్పట్లు విని, పైన ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. బారాదరికి కాస్త కిందే, బండరాళ్ల సందున జగదాంబ మహంకాళి అమ్మవారు ఉన్న సంగతి వాళ్లకు పట్టదు.

ఆషాఢం వస్తే మాత్రం కోట మారిపోతుంది. జంటనగరాల్లో తొలి బోనం ఇక్కడిదే. లష్కర్ ఉజ్జయినీ మహంకాళి, లాల్‌దర్వాజా బోనాలు దీని తర్వాతే. లంగర్‌హౌస్ నుంచి తొట్టెల ఊరేగింపుగా వస్తుంది. పోతరాజులు కొరడా ఝళిపిస్తూ, శివసత్తులు ఊగుతూ ముందు నడుస్తారు. ఆ నెలంతా గురువారం, ఆదివారం లెక్కన తొమ్మిది పూజలు. కొత్తకుండకు పసుపు కుంకుమ పెట్టి, వేపకొమ్మలు కట్టి, లోపల అన్నం, పైన దీపంతో ఆడవాళ్లు దాదాపు 360 మెట్లెక్కుతారు. కొందరు మెట్టుమెట్టుకూ పసుపు, కుంకుమ బొట్లు పెడుతూ పోతారు. పైన అమ్మవారికి సాక పోసి, బోనం సమర్పించి దిగుతారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ చేసింది. పట్టువస్త్రాలూ పంపుతోంది. అంతకు ఎంతో ముందు నుంచీ ఈ మెట్లు ఎక్కినవాళ్లకు ఎవరి ఉత్తర్వూ అక్కర్లేకపోయింది.

కొండ మీదే రామదాసు బందిఖానా కూడా ఉంది. రామదాసుగా పేరుపడ్డ పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రాచలం గుడికి పన్నుసొమ్ము వాడినందుకు శిక్ష అనుభవించింది ఇందులోనేనని చెబుతారు. గోడరాతి మీద చెక్కిన రాముడికి, హనుమంతుడికి వచ్చినవాళ్లు దండం పెట్టకుండా పోరు. తానీషా జైలు గదిని జనం గుడిలా చూస్తున్నారు. కోట పురావస్తు శాఖ లెక్కల్లో శిథిల కట్టడమే కావచ్చు. నా లెక్కలో అది సగం నిజం.

ఈ ఆషాఢంలో గోల్కొండ చూడబోతే ఆదివారం పొద్దున్నే వెళ్లండి. మెట్ల మీద బోనం ఎదురైతే పక్కకు జరగండి. సెల్ఫీ కోసం వాళ్లను ఆపకండి. తలమీద దీపం వెలుగుతున్న మనిషి ఇరుకుమెట్ల మీద ఆగడం కష్టం.